ఇందూరు జైలులో పుస్తకాల మనిషి



మూడు వారాల కిందట ఆదివారం ఆరాధన ముగిశాక మన సిరికొండ యౌవనస్థులు నలుగురైదుగురు నా దగ్గరకు వచ్చి ఒక కోరిక కోరారు. యుద్ధకాలంలో ధైర్యం వదలకుండా నిలబడినవాళ్ల గురించి, చావు అంచుదాకా వెళ్లి వచ్చినవాళ్ల గురించి మంచి పుస్తకాల పేర్లు రాసిమ్మన్నారు. సెల్‌ఫోన్ పక్కన పెట్టి పుస్తకం అడిగే పిల్లలు దొరకడమే భాగ్యం. అక్కడికక్కడే కాగితం తీసి మొదలుపెట్టాను. ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండేళ్లకు పైగా ఒక ఇంటి వెనక గదుల్లో దాక్కుని డైరీ రాసుకున్న ఆన్ ఫ్రాంక్. యూదులకు తమ ఇంట్లో చోటిచ్చినందుకు అక్కతో కలిసి రావెన్స్‌బ్రూక్ క్యాంపు పాలై, అక్కను అక్కడే పోగొట్టుకుని, తాను బతికి బయటపడి 1971లో ఆ కథ లోకానికి చెప్పిన కోరీ టెన్ బూమ్. హిట్లర్ జైలులో నుంచి ఉత్తరాలు రాసి, 1945 ఏప్రిల్‌లో ఉరికంబం ఎక్కిన పాస్టరు బోన్‌హోఫర్. ఈ మూడు పేర్లూ సెమినరీ రోజుల నుంచి నా నాలుక మీద ఉన్నవే.

కాగితం వాళ్ల చేతికి ఇచ్చాను గానీ మనసు కుదుటపడలేదు. మరుసటి మంగళవారం పని మీద నిజామాబాద్ వెళ్తున్నాను. బస్సు డిచ్‌పల్లి దాటాక తట్టింది. నేను రాసిచ్చిన పేర్లన్నీ సముద్రాల అవతలివి. ఆన్ ఫ్రాంక్ డైరీ హాలెండులో మొదటిసారి అచ్చయింది 1947లో. సరిగ్గా ఆ రోజుల్లోనే మన జిల్లా కేంద్రంలో, ఖిల్లా గుట్ట మీది జైలులో, ఇద్దరు రచయితలు ఖైదీలుగా ఉన్నారు. మన పిల్లలు ఆ గుట్ట కింద నుంచి ఎన్నిసార్లు వెళ్లి ఉంటారో! ఆ ఇద్దరిలో ఒకరి పేరు వాళ్లకు బడి పుస్తకాల వల్ల తెలుసు, ఆయన దాశరథి కృష్ణమాచార్యులు. రెండో ఆయన పేరు అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. ఆయనే వట్టికోట ఆళ్వారుస్వామి. ఈ వారం సంపాదకీయం ఆయన గురించే.

ముందుగా ఒక సంగతి చెప్పేస్తాను, తర్వాత ఉత్తరాలు రాసేవాళ్లకు శ్రమ తప్పుతుంది. ఆళ్వారుస్వామి గారు క్రైస్తవుడు కాదు. వైష్ణవ కుటుంబంలో పుట్టి, పెద్దయ్యాక కమ్యూనిస్టు అయ్యారు. ఆయన పార్టీ నడిపిన సాయుధ పోరాటంలో రక్తం రెండు వైపులా పారింది. దానిని నేను సమర్థించను. అయినా ఆయన గురించి సంఘానికి చెప్పవలసిందేనని ఎందుకు అనుకుంటున్నానో ఈ వ్యాసం చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ఆయన పుట్టింది నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చెరువు మాధవరంలో, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లో. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఇంట్లో గింజ లేదు. చదువుకోవాలన్న ఆశ మాత్రం ఉంది. అప్పుడు ఆ పిల్లవాడు ఎంచుకున్న దారి ఏమిటంటే, ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేసి పెట్టడం. పొయ్యి దగ్గర పని అయ్యాక అక్షరాలు. ఇంతకు మించి బడి చదువు అంటూ ఆయనకు పెద్దగా లేదు. ఆ తర్వాత విజయవాడ చేరి హోటల్లో సర్వరుగా పనిచేశారు. బల్లల మీద ఇడ్లీ ప్లేట్లు పెట్టి, ఖాళీ గ్లాసులు ఎత్తి, తీరిక దొరికినప్పుడు చేతికందిన పుస్తకమల్లా చదివారు. మన సంఘాల్లో ఇప్పటికీ హోటళ్లలో, పెళ్లి వంటల దగ్గర పనిచేసే పిల్లలు ఉన్నారు. వాళ్లు ఈ రెండు వాక్యాలు మరోసారి చదువుకోవాలి.

అక్కడి నుంచి హైదరాబాదు వచ్చి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దే పనిలో కుదిరారు. ఆ పత్రికను సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో మొదలుపెట్టి నడిపేవారు. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఎవరో తీసిపారేస్తే, 354 మంది కవుల పద్యాలు సేకరించి 1934లో ఒక సంచికగా అచ్చువేసి జవాబిచ్చిన మనిషి ఆయన. అలాంటి చోట పనిచేసిన కుర్రవాడికి అచ్చు అక్షరం విలువ ఏమిటో ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు.

ఆ కాలం సంగతి ఇప్పటి పిల్లలకు కాస్త విడమరిచి చెప్పాలి. నిజాం రాజ్యంలో పాలన, కోర్టు, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువు అన్నీ ఉర్దూలో. పల్లెల్లో జనం మాట్లాడేది తెలుగు. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు పేరు చెబితే పాతతరం వాళ్లు ఇప్పటికీ గుర్తుపడతారు. దానివల్ల ఆంధ్ర మహాసభలు జరుపుకోవడమే ఒక పోరాటం అయ్యేది. ఆరవ మహాసభ 1937లో మన నిజామాబాద్‌లోనే జరిగింది. ఇక పల్లెలో దొర మాటే చట్టం. వెట్టి ఉండేది. మాల, మాదిగ ఇళ్లవాళ్లు కూలి లేకుండా దొర గడిలో, పొలంలో, అధికారి సామాను కింద నలిగిపోయేవాళ్లు. నేను వేరే ఎవరి తాతల గురించో చెప్పడం లేదు. ఈ పత్రిక చదువుతున్న మీలో చాలామంది తాతల గురించి, ముత్తాతల గురించి చెబుతున్నాను. తెలుగు అక్షరం మన పెద్దల్లో ఎందరికో బైబిలుతోనే వచ్చింది. అది తప్ప ఇంట్లో మరో పుస్తకం ఉండేది కాదు.

అలాంటి కాలంలో 1938లో ఆళ్వారుస్వామి గారు దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. పెట్టుబడి లేదు, వెనక జమీందారు లేడు. హోటల్లో ప్లేట్లు ఎత్తిన చేతులతో ప్రచురణ సంస్థ నడపడం ఏమిటని నవ్వినవాళ్లు ఉండే ఉంటారు. ముప్పైకి పైగా పుస్తకాలు వేశారు. వేసి ఊరుకుంటే అవి గదిలో చెదలు తినేవి. కొనేవాడు షాపుకు రాడు, ఎందుకంటే షాపే లేదు. అందుకని పుస్తకాలు మూటకట్టి నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మారు. ఉప్పు అమ్మేవాళ్లు, గాజులు అమ్మేవాళ్లు తిరిగినట్టే. మన సంఘాల్లో ఒకప్పుడు బైబిలు భాగాలు సంచిలో వేసుకుని కాలినడకన సంతల్లో అమ్మిన కల్పోర్టర్లు ఉండేవారు కదా. ఆ పేరు ఇప్పుడు వాడుకలో లేదు గానీ పెద్దలకు గుర్తుంటుంది. ఆయనను తలచుకున్నప్పుడల్లా నాకు వాళ్లే కళ్ల ముందు కనిపిస్తారు. తమ చేతిలోని పుస్తకం ఎదుటివాడి బతుకు మారుస్తుందని నమ్మకపోతే ఎండలో అంత బరువు ఎవరు మోస్తారు?

అంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. యుద్ధం జర్మనీలో, జపానులో జరిగింది గానీ దాని దెబ్బ మన పల్లెలకూ తగిలింది. కాగితం కరువైంది, ధరలు పెరిగాయి. సర్కారు లెవీ పేరుతో రైతు దగ్గర ధాన్యం వసూలు చేసింది. పెద్ద దొరల గాదెలు నిండుగానే ఉండగా, అయిదెకరాల రైతు ఇంటి గింజ బండెక్కింది. ఈ కోపమంతా కలిసి ఆంధ్ర మహాసభ మారిపోయింది. 1944లో భువనగిరి సభ తర్వాత అది కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు నేలకూలాడు. అక్కడి నుంచి నల్లగొండ, వరంగల్లు పల్లెలు యుద్ధభూములయ్యాయి. అరెస్టులు మొదలయ్యాయి. ఆళ్వారుస్వామి గారు అప్పటికి పుస్తకాల మనిషి మాత్రమే కాదు, మహాసభలో, పార్టీలో తిరిగే కార్యకర్త కూడా. 1946 నుంచి 1951 దాకా ఆయన బతుకు ఎక్కువగా జైళ్లలోనే గడిచింది. అందులో ఒకటి మన ఇందూరు జైలు.

మంగళవారం నా పని ముగించుకుని ఖిల్లా ఎక్కాను. ఇప్పుడు అక్కడ ఖైదీలు లేరు. గుట్ట మీద రామాలయం ఉంది, మెట్లున్నాయి, పై నుంచి చూస్తే ఊరంతా కనిపిస్తుంది. యాభై ఏళ్లు దాటిన మోకాళ్లకు ఆ ఎక్కుడు సులువేమీ కాదు. పైన నిలబడి బోధన్ వైపు చూశాను. నిజాంసాగర్ నీళ్లతో పెరిగిన చెరకు, శక్కర్‌నగర్‌లో నిజాం కట్టించిన చక్కెర ఫ్యాక్టరీ అంతా అటువైపే. రాజ్యానికి తీపి పంపిన జిల్లాకు రాజ్యం తిరిగి పంపినవాటిలో ఈ జైలు గోడలు కూడా ఉన్నాయి.

దాశరథి ఆ గోడల మధ్యకు వచ్చేసరికి ఆయన వయసు ఇరవై రెండు. ఆళ్వారుస్వామి గారు ఆయన కంటే పదేళ్లు పెద్ద. దాశరథి మొదట కమ్యూనిస్టులతో తిరిగి, వాళ్లతో విభేదించి స్టేట్ కాంగ్రెస్ వైపు వెళ్లినవారు. బయట ఉంటే ఈ ఇద్దరూ చెరో వేదిక మీద నిలబడి వాదించుకునేవారేమో. లోపల ఒకే అన్నం, ఒకే నీళ్లు. జైలులో కాగితం లేదు, కలం లేదు. పళ్లు తోముకోవడానికి బొగ్గు ఇచ్చేవారు. దాశరథి ఆ బొగ్గుతోనే గోడల మీద నిజాంకు ఎదురుగా పద్యాలు రాశారు. రాసినందుకు దెబ్బలు తిన్నారు. గోడ మీది బొగ్గు గీతకు ఆయుష్షు ఎంత? ఒక తడి గుడ్డ చాలు. కానీ పద్యం గోడ మీద ఉన్నంతసేపు చదివినవాడి గుండెలోకి దిగుతుంది, అక్కడ తుడవడానికి గుడ్డ చాలదు.

యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం ఇక్కడ గుర్తుకు రాకమానదు. బారూకు రాసిన చుట్టను యెహోయాకీము రాజు చలికాలపు విడిదిలో కూర్చుని, చదివినంతమేర కత్తితో కోయించి కుంపట్లో కాల్పించాడు. చుట్ట మొత్తం బూడిదైంది. అధ్యాయం చివరికి వచ్చేసరికి బారూకు ఇంకో చుట్ట తీసుకుని మళ్లీ అన్నీ రాస్తున్నాడు, పైగా ఇంకొన్ని మాటలు కలిపి. రాజులకు ఈ విషయం ఎప్పటికీ అర్థం కాదు.

ఆ జైలు ప్రశాంతంగా ఏమీ లేదు. 1947 నవంబరు 29న నిజాం, భారత ప్రభుత్వం యథాతథ ఒప్పందం చేసుకున్నా, ఊళ్లలో ఖాసిం రజ్వీ రజాకార్ల ఆగడాలు ఆగలేదు. నిజామాబాద్ జైలు మీద కూడా వాళ్లు దాడి చేసి ఖైదీలను కొట్టారు. చేతిలో ఏమీ లేని, పారిపోవడానికి తలుపు లేని మనుషుల మీద ఆయుధాలతో పడటం! యుద్ధకాలపు పుస్తకాల్లో మనం క్యాంపుల గురించి చదివి కన్నీళ్లు పెట్టుకుంటాం. మన బస్టాండుకు కూతవేటు దూరంలో జరిగింది మాత్రం మన పిల్లలకు చెప్పడం మరిచిపోయాం. ఈ తప్పులో నేనూ ఉన్నాను.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయారు. కాంగ్రెసు ఖైదీలకు జైలు తలుపులు తెరుచుకున్నాయి. కమ్యూనిస్టులకు తెరుచుకోలేదు, ఎందుకంటే వాళ్ల పోరాటం కొత్త ప్రభుత్వంతో కొనసాగింది. 1951 అక్టోబరులో గానీ దాన్ని విరమించలేదు. ఇందులో న్యాయం ఎటు ఎంత ఉందో చరిత్రకారులు ఇప్పటికీ వాదిస్తున్నారు, వాళ్లకే వదిలేద్దాం. ఆళ్వారుస్వామి గారి బతుకులో మాత్రం దాని అర్థం ఇది: నిజాం జెండా దిగడం చూసిన మనిషి, స్వతంత్ర దేశపు జెండా కింద కూడా ఖైదీగానే మిగిలారు. స్వాతంత్ర్యం కోసం జైలుకు వెళ్లి, స్వాతంత్ర్యం వచ్చాక జైలులో ఉండటం ఎలా ఉంటుందో ఊహించండి. చేదుగా మారిపోవడానికి అంతకంటే మంచి కారణం ఎవరికైనా దొరుకుతుందా?

నేను ఇంతసేపూ చెప్పాలని చూస్తున్న సంగతి ఇక్కడుంది. ఆ జైలు జీవితం నుంచి ఆయన కథలు రాశారు. పుస్తకం పేరు జైలు లోపల. ఇలాంటి పేరు చూడగానే మనం ఏం ఆశిస్తాం? ఎంత బాధపడ్డారో, ఎంత ధైర్యంగా నిలబడ్డారో, వార్డరు ఎలా కొట్టాడో రాసుకుని ఉంటారనుకుంటాం. రాసుకునే హక్కు ఆయనకు ఉంది. ఆయన అలా రాయలేదు. తనతో పాటు ఆ గోడల మధ్య ఉన్న మామూలు ఖైదీల కథలు రాశారు. దొంగతనం చేసి వచ్చినవాడు, కొట్లాటలో తల పగలగొట్టి వచ్చినవాడు, ఆకలికి తప్పుచేసి వచ్చినవాడు. రాజకీయ ఖైదీలు సాధారణంగా ఇలాంటివాళ్లకు కాస్త దూరంగా ఉంటారు. తాము దేశం కోసం వచ్చాం, వీళ్లు నేరం చేసి వచ్చారు అన్న తేడా మనసులో ఎక్కడో ఉంటుంది. ఆళ్వారుస్వామి గారు ఆ గీత దాటి వాళ్ల పక్కన కూర్చున్నారు. నువ్వు ఇక్కడికి ఎలా వచ్చావని అడిగారు, వాళ్లు చెప్పింది ఓపికగా విన్నారు.

ఒక కథకు ఆయన పెట్టిన పేరు విధిలేక. ఇంకో కథ పేరు పతితుని హృదయం. ఆ రెండో పేరు చూస్తే అది ఏ ప్రసంగానికైనా శీర్షికగా పెట్టుకోవచ్చు, అది పెట్టింది మాత్రం దేవుని నమ్మని మనిషి. మరో కథ పేరు పరిగె. మన పొలాల్లో పనిచేసినవాళ్లకు ఈ మాట వివరించనక్కర్లేదు. కోత అయ్యాక, కుప్పలు ఎత్తాక, మడిలో రాలిన వెన్నులు ఏరుకోవడం. కూలిదాని ఒడిలో పడే ఆఖరి గింజలు. రూతు బోయజు పొలంలో చేసింది ఇదే. పొలం అంచుల దాకా కోయవద్దని, రాలినవి ఏరుకోవద్దని, వాటిని బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని లేవీయకాండం 19వ అధ్యాయంలో దేవుడు రైతుకు చెప్పాడు. మనం ఆ వాక్యం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. నిజాం కాలపు జైలులో కూర్చున్న ఒక నాస్తికుడికి ఖైదీల గురించి రాసేటప్పుడు ఆ మాటే తోచింది.

జైలులోని యోసేపు గురించి ఆదికాండం 40వ అధ్యాయంలో ఒక చిన్న సంగతి ఉంది. మనం కలల భావం మీదే మనసు పెట్టి దాన్ని దాటేస్తాం. ఒక ఉదయం యోసేపు తన తోటి ఖైదీలు ఇద్దరి దగ్గరకు వెళ్లి, వాళ్ల ముఖాలు చిన్నబోయి ఉండటం గమనించి, ఎందుకు అలా ఉన్నారని అడిగాడు. అన్యాయంగా జైలులో పడ్డవాడు, సొంత అన్నలు అమ్మేసినవాడు, తన ముఖం చూసుకుని ఏడవవలసినవాడు పక్కవాడి ముఖం చూశాడు. ఆ తర్వాత జరిగిందంతా, ఐగుప్తు కరువు నుంచి బయటపడటంతో సహా, ఆ ప్రశ్న నుంచే మొదలైంది. సెమినరీలో ఈ భాగం మీద నేను పదిహేను పేజీల వ్యాసం రాశాను. ఆ ప్రశ్న గురించి అందులో ఒక్క మాట కూడా లేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. ఏటా క్రిస్మస్ ముందు మా సంఘం నుంచి ఒక జైలుకు వెళ్లి వస్తాం. కేకు ముక్కలు, అరటిపండ్లు, దుప్పట్లు తీసుకెళ్తాం. రెండు పాటలు, ఇరవై నిమిషాల ప్రసంగం, ప్రార్థన, ఫోటో. పదకొండేళ్లుగా వెళ్తున్నాను. ఆ పదకొండేళ్లలో ఒక్క ఖైదీ పేరు కూడా నాకు గుర్తులేదు. గుర్తులేకపోవడం కాదు, అడగలేదు. ఒకసారి ఒక కుర్రవాడు కేకు తీసుకుంటూ ఏదో చెప్పబోయాడు. మాకు ఇచ్చిన సమయం అయిపోతోందని నేను అతని తలమీద చేయిపెట్టి ముందుకు కదిలాను. తప్పు సమయానిది కాదు, నాదే. అతడు ఏం చెప్పబోయాడో ఇక నాకు తెలియదు. ఈ కథలు మళ్లీ తీసి చదివిన రాత్రి ఆ కుర్రవాడి ముఖమే కళ్లముందు ఆడింది.

మిగతా జీవితం త్వరగా చెప్పేస్తాను. బయటకు వచ్చాక ఆయన ప్రజల మనిషి అనే నవల 1955లో ప్రచురించారు. తెలంగాణ పల్లెను, దొర గడిని, వెట్టిని, దాన్ని ఎదిరించిన మనుషులను నవలగా రాసినవాళ్లలో ఆయనే ముందున్నారు. దిమ్మెగూడెం అనే ఊళ్లో కథ నడుస్తుంది. వెట్టి భారం నుంచి తప్పించుకోవాలని దళితులు మతం మారడం, దాని చుట్టూ పెద్దమనుషుల హడావిడి కూడా అందులో ఉన్నాయి. మతమార్పిడి గురించి ఇప్పుడు టీవీల్లో అరిచేవాళ్లూ, వాళ్లకు జవాబు చెప్పే మనవాళ్లూ ఇద్దరూ ఆ భాగం చదవాలి. అందులో ఎవరికీ పూర్తిగా నచ్చే మాట లేదు, అందుకే అది నిజాయితీగా ఉంది. ఆ నవలకు కొనసాగింపుగా గంగు మొదలుపెట్టారు. అది పూర్తికాలేదు. 1961 ఫిబ్రవరి 5న ఆయన కన్నుమూశారు. యాభై ఏళ్లు కూడా నిండలేదు. అసంపూర్తి నవల ఆయన పోయాక అచ్చయింది.

ఇందూరు జైలులో కలిసి ఉన్న ఆ ఇద్దరి స్నేహం జైలుతో ముగియలేదు. దాశరథి 1949లో తన మొదటి కవితల పుస్తకం అగ్నిధార వేసినప్పుడు దాన్ని ఆళ్వారుస్వామి గారికి అంకితం ఇచ్చారు.  ఒకరు కాంగ్రెసు, ఇంకొకరు కమ్యూనిస్టు. బయట వాళ్ల పార్టీలు ఒకరి ముఖం ఒకరు చూసుకోని రోజులవి. మన దగ్గర డినామినేషన్ వేరైతే పెళ్లి భోజనానికి కూడా వెళ్లని పాస్టర్లున్నారు. ఇంతకంటే దాని గురించి రాస్తే నాకు ఫోన్లు వస్తాయి కాబట్టి ఆపుతాను.

దాశరథి తర్వాత ఎంతో పైకి వెళ్లారు. గాలిబ్ గజళ్లను తెలుగులోకి తెచ్చారు, సినిమా పాటలు రాశారు, 1974లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు, ఆంధ్రప్రదేశ్ ఆస్థాన కవి అయ్యారు. 1987 నవంబరు 5న పోయారు. ఆయన పేరు మన పిల్లలకు తెలియడం న్యాయమే. రెండో పేరు కూడా తెలియాలని మాత్రమే నా ఆశ.

మొన్న ఆదివారం యౌవనస్థులు మళ్లీ వచ్చినప్పుడు పాత కాగితం తిరిగి అడిగి తీసుకున్నాను. ఆన్ ఫ్రాంక్ పేరు, కోరీ టెన్ బూమ్ పేరు, బోన్‌హోఫర్ పేరు కొట్టేయలేదు. అవి తప్పక చదవవలసినవే. వాటి పైన ఖాళీ ఉన్న చోట జైలు లోపల అని రాశాను. నా దగ్గర ఉన్నది ఒకే ఒక పాత ప్రతి, అట్ట ఊడిపోయింది. ముందుగా ఎవరు తీసుకోవాలన్న దాని మీద వాళ్లలో వాళ్లకు కాస్త వాదన జరిగింది. చివరికి బేకరీలో పనిచేసే అబ్బాయికి ఇచ్చాం, రాత్రి డ్యూటీలో తీరిక దొరుకుతుందని అన్నాడు. వారం లోపల తిరిగి ఇవ్వాలి, అట్ట వేసి మరీ.

జైలు సందర్శనకు ఈ ఏడాది అనుమతి ఉత్తరం నేనే రాస్తున్నాను. ఇదివరకు గంట సమయం అడిగేవాళ్లం. ఈసారి పూట అంతా అడుగుతున్నాను. ప్రసంగం ఉండదు. పాటలు ఒకటో రెండో చాలు. వచ్చేవాళ్లు ముందుగా పేరు ఇవ్వండి. ఒక్కొక్కరు ఒక్క ఖైదీ పక్కనే కూర్చోవాలి, అందుకు సిద్ధపడినవాళ్లే రండి.